పాలు పొంగని ఇల్లు

పదకొండో భాగం

కిందటి వారం రసజ్ఞను మనం నానక్‌రామ్‌గూడలో, ఆఫీసు వాష్‌రూమ్ అద్దం ముందు నిలబెట్టి వచ్చేశాం. ఒక చేతిలో తడి రుమాలు, ఇంకో చేతిలో ఫోను, ఆ ఫోనులో మొగుడికి పంపబోతున్న అబద్ధం. "రిలీజ్ దగ్గరపడింది, మేనేజర్ నన్ను వదలనంటోంది, ఈసారికి నువ్వొక్కడివే వెళ్లిరా." పంపుతుందా, చెరిపేస్తుందా అని వారమంతా నన్ను నిలదీసినవాళ్లున్నారు. పంపింది. నిజమైతే పదిసార్లు చెరిపి రాసేది. అబద్ధం కాబట్టి ఒక్క నొక్కుతో వెళ్లిపోయింది.

ఆ అబద్ధం ఎందుకో కొత్తగా చదువుతున్నవాళ్లకు చెప్పాలి. రసజ్ఞ, తేజ ఒకే కంపెనీలో పనిచేసే మొగుడూ పెళ్లాలు. పెళ్లికి ముందు, నాలుగేళ్ల కిందట, పేదవాళ్లకు ఇళ్లు కట్టడానికి కంపెనీ పంపిన వాలంటీర్లతో ఆఫ్రికాలోని మలావీకి వెళ్లారు. ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకున్నది అక్కడే, ఒక అవ్వ ఇంటి గోడకు చెరోవైపు నిలబడి. ఇప్పుడు మూడు వారాల్లో మరో బృందం అదే ఊరికి వెళ్తోంది. అందులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. సరిగ్గా ఈ సమయానికే రసజ్ఞ కడుపుతో ఉందని తేలింది. మలేరియా దోమలున్న చోటికి వెళ్లడం ఇప్పుడు వద్దేవద్దంది డాక్టరు. రెండేళ్ల కిందట ఒకసారి కడుపు మూడో నెలలోనే పోయింది. అప్పుడు తేజ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చిన ఏడుపు రసజ్ఞకు ఇంకా గుర్తుంది. సంగతి తెలిస్తే అతను గుమ్మం దాటడు. తనకు ఎలాగూ ఆ యోగం లేదు, అతనైనా వెళ్లి ఆ ఇల్లు కళ్లారా చూసి రావాలని ఆమె పంతం.

మెసేజ్ వెళ్లిన నిమిషానికి తేజ దగ్గర్నుంచి "సరే" అని వచ్చింది. తేజ ఎప్పుడూ ఒక్క మాటతో ఆగే మనిషి కాదు. ఆ "సరే" చూసి రసజ్ఞకు కళ్లనీళ్లు తిరిగాయి. అప్పుడే తలుపు తోసుకుని స్వప్న లోపలికి వచ్చింది. ఆ అంతస్తులో హౌస్‌కీపింగ్ చేసే అమ్మాయి. తుడుపుకర్ర గోడకు ఆనించి రసజ్ఞ మొహం వంక ఒక్క చూపు చూసింది.

"ఎన్నో నెల మేడం?"

రసజ్ఞ గతుక్కుమంది. "నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్తరు? వారం సంది చూస్తున్న, టిఫిన్ టైముకు ఇటే ఉరికొస్తున్నరు. జర కూసోండ్రి, నీళ్లు తాగుండ్రి. సార్ మస్తు ఖుషీ అయిండా?"

"సార్‌కి చెప్పలేదు స్వప్నా. తెలిస్తే ఊరెళ్లడం మానేస్తాడు."

"ఏ ఊరు?"

"చాలా దూరం. పేదవాళ్లకు ఇల్లు కట్టడానికి వెళ్తున్నాడు."

స్వప్న మూతి మీద వేలు పెట్టుకుని ఆలోచించింది. "మా ఆయన గూడ ఇండ్లే కడ్తడు మేడం. గా ఎదురుంగ బిల్డింగుల సెంట్రింగ్ పని. నేను కడుపుతోనున్నప్పుడు ఒక్క దినం బందు వెట్టలే. సార్‌ను పోనియ్యుండ్రి, మంచిదే. గని చెప్పి పంపుండ్రి. చెప్పకుంట పంపితె మీకే మనసు మంచిగుండది. నేనైతె ఎవ్వరికి చెప్ప, ఫికర్ జేయకుండ్రి."

ఫికర్ చేయవద్దని చెప్పినంత సులువుగా ఫికర్ పోతే ఈ సీరియల్ ఎప్పుడో అయిపోయేది.

సాయంత్రం క్యాబ్‌లో తెల్లాపూర్ వైపు వస్తుంటే రోడ్డుకు రెండువైపులా కడుతున్న టవర్లే. క్రేన్లు, పచ్చటి వలలు, వలల వెనక దీపాలు. రోజూ చూసేవే. ఇన్ని వేల ఇళ్లలో ఒక్కటీ రసజ్ఞను పలకరించదు. ఆమె మనసంతా ఎక్కడో ఎర్రమట్టి దారి పక్కన, మామిడి చెట్ల మధ్య ఉన్న రెండు గదుల ఇంటి మీద ఉంది. ఇలా వెళ్లే వాలంటీర్లకు పక్షం రోజులే గడువు. గోడలు లేచి, ద్వారబంధం నిలబడి, కిటికీల మీద వరస పడేసరికి సెలవులు అయిపోతాయి. రేకులు వేసేదీ, తలుపులు బిగించేదీ అక్కడి మేస్త్రీలు. అంటే కట్టినవాళ్లు ఎవరూ ఇల్లు చూడరు. కప్పు లేని గోడల్ని చూసి, చేతులు ఊపి, బస్సెక్కి వచ్చేస్తారు. తర్వాత ఒక ఫోటో వస్తుంది.

వాళ్లకూ వచ్చింది. దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నారు. ఇటుక గోడల ఇల్లు, పైన మెరిసే రేకులు, మూసిన తలుపు ముందు నిలబడి నవ్వుతున్న అగోగో. అగోగో అంటే వాళ్ల భాషలో అవ్వ. పేరు ఎనెలెస్ గానీ ఊరంతా ఆమెను అగోగో అనే పిలుస్తుంది. కొడుకూ కోడలూ పోతే ఇద్దరు మనవరాళ్లను పెంచుతోంది. రసజ్ఞ పేర్చిన ఇటుకల వరస వంకరపోతే పకపకా నవ్వి, పక్కనే కూర్చుని వేరుశెనక్కాయలు వొలిచి నోట్లో పెట్టేది. అమ్మమ్మను ఎరగని రసజ్ఞకు ఆ గింజల రుచి ఇప్పటికీ గుర్తే. ఆ ఇంట్లో ఒక్క పూట కూర్చోవాలి, ఆ గోడను అరచేత్తో ఒకసారి తడమాలి. నాలుగేళ్లుగా ఆమె కోరుకున్నది ఇంతే. బిడ్డ కూడా కావాలి. అదీ పెళ్లయినప్పటి నుంచీ ఉన్న కోరికే. రెండూ ఒక్కసారే ఎదురొచ్చి, ఒకటి పట్టుకుంటే ఇంకోటి వదలమంటున్నాయి.

లిఫ్టు దిగేసరికే బెల్లం పాకం వాసన వచ్చింది. అత్తగారు రత్నమాల వంటింట్లో నువ్వుండలు చుడుతోంది. కొడుకు ఊరెళ్తున్నాడంటే ఆవిడ చేతులు ఊరుకోవు. బృందంలో ఎంతమంది ఉన్నారో కనుక్కుని మరీ అందరికీ సరిపడా మొదలుపెట్టింది. మామగారు సీతారామయ్య కింద క్లబ్‌హౌస్‌లో క్యారమ్స్ ఆడుతున్నారు. ఆయనకు ఈ కథలో ఇవాళ పని లేదు.

"వచ్చావా అమ్మాయ్! చెయ్యి కడుక్కుని రా. వేడిమీద రెండు తిను. చల్లారితే రాళ్లయిపోతాయి" అంది రత్నమాల, అరచేతుల్లో నెయ్యి రాసుకుంటూ.

మామూలుగా అయితే రసజ్ఞ స్టవ్ పక్కనే నిలబడి, అత్తగారు చుట్టిన ప్రతి మూడో ఉండా నోట్లో వేసుకునే రకం. ఇవాళ ఒక అడుగు వెనక్కి వేసింది. "తర్వాత తింటానండీ. ఆకలిగా లేదు."

"నువ్వుండలకు ఆకలెందుకే?"

"గొంతు కొంచెం నొప్పిగా ఉంది అత్తయ్యా."

రత్నమాల చుట్టడం ఆపింది. స్టవ్ ఆపింది. కొంగుతో చేతులు తుడుచుకుని కోడలి వైపు తిరిగింది.

"ఎన్నో నెల?"

ఒక్క రోజులో ఇద్దరు. ఇంక రసజ్ఞకు బొంకే ఓపిక లేకపోయింది. అయినా అలవాటుకొద్దీ "ఏంటండీ?" అంది.

"ఏంటండీ అంటావేంటి? నువ్వులు చూసి వెనక్కి జరిగావు. మొన్న బొప్పాయి ముక్కలు కోసిస్తే కడుపులో బాగోలేదన్నావు. నేనూ ఒకణ్ణి కన్నాను కదే!"

"రెండు దాటిందండీ."

రత్నమాల మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. జిడ్డు చేతులతోనే కోడలి బుగ్గలు పట్టుకుంది. దేవుడి గది వైపు చూసి ఏదో గొణుక్కుంది. కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత, ఆ నీళ్లు ఆరకముందే, ఆవిడ మొహం మారింది.

"వాడికి తెలుసా?"

"తెలీదండీ. మీరూ చెప్పకండి. వెళ్లొచ్చాక నేనే చెప్తాను."

"వెళ్లొచ్చాకా?" రత్నమాల స్టూలు లాక్కుని కూర్చుంది. "వాడు వెళ్లకూడదు రసజ్ఞా. కడుపుతో ఉన్నదాని మొగుడు సముద్రం దాటకూడదు. ఇల్లు మొదలెట్టకూడదు. మీ మొగుడుగారు రెండూ కలిపి చేస్తానంటున్నాడు. రెంటిలో ఏ ఒక్కటి చేసినా నా ప్రాణం ఊరుకోదు, అలాంటిది..."

రసజ్ఞకు నవ్వొచ్చింది. భయమేసే చోట నవ్వే అలవాటు ఆమెకు. "అత్తయ్యా, అదిగో ఆ బాల్కనీలోంచి చూడండి. అక్కడ పనిచేసేవాళ్ల భార్యలు ఎంతమంది కడుపుతో ఉండి ఉంటారు? వాళ్లంతా పని మానేస్తే మనకీ ఫ్లాటు ఉండేదా?"

"వాళ్లు చేసేది కూలి. ఇల్లు ఇంకొకరిది, సంకల్పం ఇంకొకరిది. మనవాడు కూలికి పోతున్నాడా? కట్టాలని సంకల్పం చెప్పుకుని పోతున్నాడు. ఎవరు తలపెడితే దోషం వాళ్లదే అవుతుంది."

"మీరు నిజంగా నమ్ముతారా ఇదంతా?"

రత్నమాల పళ్లెంలో ఉన్న ఉండల్ని ఒకదాని పక్కన ఒకటి సర్దుతూ కూర్చుంది.

"తేజ కడుపులో ఉన్నప్పుడు అమలాపురంలో మా స్థలంలో ముగ్గు పోశారు. ముగ్గంటే వాకిట్లో ముగ్గు కాదు, ఇక్కడ గోడ, ఇక్కడ గది అని సున్నంతో నేల మీద గీస్తారు చూడు, అది. నేను ఆ గీతల మధ్య నడిచాను. ఇది నా వంటిల్లు, ఇక్కడ రోలు, ఇక్కడ కిటికీ అనుకుంటూ. తెల్లారితే శంకుస్థాపన. ఆ సాయంత్రమే నేను నీళ్లోసుకున్నానని మా అత్తగారికి తెలిసింది. నేనే చెప్పాను. అంతే, ఆగిపోయింది. పిల్లాడు పుట్టాక చూద్దాం అన్నారు. పుట్టాక మీ మామయ్యగారికి ట్రాన్స్‌ఫరు. ఆ తర్వాత ఇంకోటి. చివరికి ఆ స్థలం అమ్మే వాడి ఇంజనీరింగు సీటుకు డబ్బు కట్టాం. ఆ ఏటి వానకే ఆ సున్నం గీతలు చెరిగిపోయాయి."

ఈ ఇంటికి వచ్చిన ఇన్నాళ్లలో ఆ మాట రసజ్ఞకు ఎవరూ చెప్పలేదు.

"నమ్ముతావా అంటే ఏం చెప్పను?" అంది రత్నమాల. "నమ్మకపోతే నా ఇల్లు దేనికి పోయినట్టు? వాడు గుండ్రాయిలా పుట్టాడు, బతికాడు. అందుకే పోయిందనుకున్నాను. అలా అనుకునే ఇన్నేళ్లు గడిపాను. ఇప్పుడు నువ్వొచ్చి అదంతా ఉత్తిదే అంటే, నాకు కోపం రాదూ?"

కోపం కంటే ఆవిడ గొంతులో ఇంకేదో ఉంది. రసజ్ఞ పక్కన నేల మీద కూర్చుని అత్తగారి మోకాలి మీద చెయ్యి వేసింది.

"నేను వెళ్లలేను కదా అత్తయ్యా. నాకెంత బెంగగా ఉందో మీకు తెలీదు. రాత్రిళ్లు ఆ ఇల్లు కలలోకొస్తుంది. గోడలే కనిపిస్తాయి, లోపలికి పోలేను. కనీసం తేజ అయినా చూసొచ్చి, అగోగో ఎక్కడ పడుకుంటోంది, పొయ్యి ఎక్కడ పెట్టుకుంది, కిటికీ దగ్గర ఏం పెట్టింది, అన్నీ చెప్తే వింటాను. అతని కళ్లతో చూస్తాను. నాకది చాలు."

"దాచి పంపితే నీకేం మిగులుతుందే? వాడు అక్కడ ఇటుక పేరుస్తుంటే ఇక్కడ నువ్వు ఒక్కదానివీ భయపడుతూ కూర్చుంటావు. నేనూ కూర్చుంటాను. వద్దు. నేను వాడికి చెప్పను, నువ్వే చెప్తావు. ఇవాళ, వాడు రాగానే చెప్పు. వెళ్లాలో మానాలో వాడు తేల్చుకోనీ."

"తెలిస్తే వెళ్లడు. మీకూ తెలుసు."

"తెలుసు" అంది రత్నమాల. ఆవిడ దాపరికం లేకుండా ఒప్పుకుంది, అదొక్కటే ఆ సాయంత్రం రసజ్ఞకు దొరికిన ఊరట.

ఇంతలో తాళం తిరిగిన చప్పుడు. తేజ లోపలికి వచ్చాడు. బూట్లు విప్పలేదు. బూట్లతో హాల్లోకి వస్తే తల్లి ఏమంటుందో తెలిసినవాడు కూడా నేరుగా వచ్చి మధ్యలో నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది. చేతిలో ఫోను, ఫోనులో ఎవరో ఎండలో నిలబడి మాట్లాడుతున్నారు.

"రసా, ఇలా రా. చిసోమో లైన్లో ఉన్నాడు. నువ్వు వినాలి. నేను చెప్తే నమ్మవు."

చిసోమో నాలుగేళ్ల కిందట వాళ్ల బృందానికి దుబాసీ. అగోగో మాటలు ఇంగ్లీషులోకి, వీళ్ల మాటలు అవ్వ భాషలోకి మార్చేవాడు. ఆ ఇల్లు పూర్తి కాకముందే వేరే జిల్లాకు వెళ్లిపోయాడు. కొత్త బృందానికి ఏర్పాట్లు చూడటానికి ఈ వారమే మళ్లీ ఆ ఊరు వచ్చాడట. తెరమీద అతను, వెనక ఎర్రటి దుమ్ము, మామిడి చెట్లు. అక్కడింకా మధ్యాహ్నమే.

"చెప్పు చిసోమో. అగోగో బాగుందా?" అంది రసజ్ఞ ఇంగ్లీషులో.

"బాగానే ఉంది సిస్టర్. కానీ..." అతను ఫోను తిప్పాడు. ఇల్లు కనిపించింది. ఫోటోలోని ఇల్లే, అదే మూసిన తలుపు. తర్వాత ఫోను ఇంకో పక్కకు తిరిగింది. పాత గడ్డి గుడిసె. వెనక గోడ సగం కూలిపోయి, దానికి ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంది. "అవ్వ ఇందులోనే ఉంటోంది. పిల్లలూ ఇందులోనే. కొత్త ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు."

"నాలుగేళ్లుగానా? ఎందుకు?"

"నీకోసం సిస్టర్. ద్వారబంధం నిలబెట్టిన రోజు నువ్వేం చెప్పావో గుర్తుందా?"

గుర్తు రాకపోవడమేం! రసజ్ఞ సూట్‌కేసులో ఆవకాయ జాడీతో పాటు పసుపు, కుంకుమ పొట్లాలు కూడా వెళ్లాయి. ద్వారబంధం నిలబెడుతుంటే ఊరుకోలేక, దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, చెట్టెక్కి మామిడాకులు కోసి తోరణం కట్టింది. ఇదంతా ఏమిటని అగోగో అడిగింది. అప్పుడు రసజ్ఞ, ఉత్సాహం పట్టలేక, చెప్పేసింది. "మా వైపు ఇల్లు పూర్తయ్యాక ముందు పొయ్యి మీద పాలు పొంగిస్తాం. పాలు పొంగితేనే ఆ ఇంట్లో పడుకుంటాం. మీ ఇల్లు అయ్యాక నేనే వచ్చి పాలు పొంగిస్తాను, చూడండి." చిసోమో దాన్ని పొల్లుపోకుండా అవ్వకు చెప్పాడు. అవ్వ రసజ్ఞ గడ్డం పట్టుకుని, సరే అంది. అందరూ నవ్వారు, ఫోటోలు దిగారు. సంబరంలో అన్న మాట. మన పెళ్లిళ్లలో, పేరంటాల్లో అలాంటివి ఎన్ని అంటాం!

"అవ్వ దాన్ని నీ మొక్కు అనుకుంది" అన్నాడు చిసోమో. "నువ్వు నీ దేవుడికి మాట ఇచ్చావనీ, ఆ మాట చెల్లకముందు తను లోపల పడుకుంటే నీకు కీడు జరుగుతుందనీ. పగలు ఊడుస్తుంది. మొక్కజొన్న బస్తాలు పెట్టుకుంది. పిల్లలు అక్కడే చదువుకుంటారు. చీకటి పడితే తాళం వేసి ఇవతలికి వచ్చేస్తుంది. ఊళ్లో ఎంతమంది చెప్పినా వినలేదు. ఇల్లు పూర్తయినప్పుడు నేనుంటే అప్పుడే సర్దిచెప్పేవాణ్ణి. నేను లేను."

రసజ్ఞ గోడమీది ఫ్రేము వైపు చూసింది. మూసిన తలుపు ముందు నవ్వుతున్న అవ్వ. నాలుగేళ్లుగా రోజూ చూస్తున్నారు. ఆ తలుపు ఎందుకు మూసి ఉందని ఒక్కరికీ అనుమానం రాలేదు. తనకు కీడు జరగకూడదని ఎక్కడో ఒక ముసలామె కూలిన గోడ పక్కన నిద్రపోతోంది. రెండేళ్ల కిందట తను ఆసుపత్రిలో ఉన్న రాత్రి కూడా ఆమె అలాగే పడుకుని ఉంటుంది. రసజ్ఞకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఇప్పటికిప్పుడు ఆ తెరలోకి నడిచి వెళ్లిపోవాలనిపించింది.

"అందుకే చెప్తున్నా" అన్నాడు తేజ. "రిలీజూ లేదు, గిలీజూ లేదు. మీ మేనేజర్‌తో నేను మాట్లాడతాను. నువ్వు రావాలి రసా. నేను వెళ్తే సరిపోదు. మాట ఇచ్చింది నువ్వు."

తెరమీదికి అగోగో వచ్చింది. ఇంకా ఎండిపోయింది, తలకు అదే నీలం గుడ్డ. ఫోనుకు మరీ దగ్గరగా వచ్చి రసజ్ఞను చూసి, వాళ్ల పలకరింపు పద్ధతిలో రెండు చేతులూ చప్పుడు రాకుండా తట్టి, ఏదో అంది.

"ఎప్పుడు వస్తున్నావని అడుగుతోంది" అన్నాడు చిసోమో.

వంటింటి గుమ్మంలో రత్నమాల నిలబడి ఉంది. ఇంగ్లీషు సగమే అర్థమైనా, కోడలి మొహం పూర్తిగా అర్థమైంది. తేజకు చెప్పడానికి రసజ్ఞ దగ్గర అబద్ధాలు ఇంకా ఉన్నాయి. తన మాట కోసం నాలుగేళ్లు బయట పడుకున్న మనిషికి చెప్పడానికి ఒక్కటీ లేదు.

"చిసోమో, అవ్వకు ఈ మాట చెప్పు" అంది. "నేను ఇప్పుడు రాలేను. నాకు బిడ్డ పుట్టబోతోంది."

పక్కనే నిలబడ్డ తేజ చెయ్యి ఆమె భుజం మీద బిగుసుకుంది. ఆమె అతని వైపు చూడలేదు. చూస్తే మళ్లీ తెరవైపు తిరగలేనని తెలుసు.

అక్కడ చిసోమో చెప్పాడు. అగోగో నోటిమీద చెయ్యి పెట్టుకుని, నాలుక తిప్పుతూ, అక్కడి ఆడవాళ్ల సంబరపు కూత పెట్టింది. మనవరాళ్లు పరుగెత్తుకొచ్చారు. అవ్వ నవ్వుతూ, ఏడుస్తూ చాలాసేపు మాట్లాడింది.

"సంతోషం అంటోంది. బిడ్డను కని, ఎత్తుకుని రమ్మంటోంది. ఇద్దరూ కలిసి పాలు పొంగించండి, అప్పటిదాకా ఆగుతానంటోంది." చిసోమో గొంతు తగ్గించాడు. "ఇది నా మాట సిస్టర్, ఆమెది కాదు. నెల తిరిగితే వానలు. ఆ గుడిసె ఈ వాన ఆగదు. దగ్గు కూడా వదలడం లేదు ఆమెకు. నేను చెప్తే వినదు. ఫోనులో నువ్వు చెప్పినా వినదు, ఇందాకే అడిగి చూశాను. మొక్కు ఫోనులో తీరదంట."

తేజ సోఫాలో కూలబడ్డాడు. "నేను వెళ్లను" అన్నాడు, ఎవరూ అడగకముందే. "నిన్నిలా వదిలి ఎక్కడికీ వెళ్లను. ఇదా నువ్వు దాచింది? నన్ను పంపించేసి, ఒక్కదానివీ... రసా, పోయినసారి మనిద్దరం ఎలా ఉన్నామో మర్చిపోయావా?"

"మర్చిపోలేదు."

"మరి ఎలా దాచావు?"

ఆమె జవాబు చెప్పేలోపు రత్నమాల హాల్లోకి వచ్చింది. కొడుకు బూట్లు చూసింది, ఏమీ అనలేదు. కోడలి చేతిలోంచి ఫోను తీసుకుని, మొహానికి ఎదురుగా, కొంచెం వంకరగా పట్టుకుంది. అటువైపు అగోగో, ఇటువైపు ఈవిడ. ఇద్దరూ ఒకరినొకరు ఆపాదమస్తకం చూసుకున్నారు.

"చెప్పు బాబూ ఆవిడకి" అంది రత్నమాల, అచ్చ తెలుగులో, చిసోమో అమలాపురంలో పుట్టినట్టు. "నేను ఈ పిల్ల అత్తగారిని. పాలు పొంగించాల్సింది ఇంటికి పెద్ద. ఇది కాదు, నేను. నేను వస్తున్నానని చెప్పు."

"అమ్మా!" అన్నాడు తేజ.

"ఏం? శ్రీలంక వెళ్దామని కిందటేడు పాస్‌పోర్టు తీయించావుగా, బీరువాలో పడుంది. నేను జీవితంలో పాలు పొంగించింది ఎక్కడరా? ఈ పదకొండో అంతస్తులో, కరెంటు పొయ్యి మీద. పొంగగానే అదే ఆగిపోయింది. అది గృహప్రవేశమా? ఒక మనిషి ఇల్లు కట్టించుకుని కూడా, మన పిల్ల అన్న మాటకి కట్టుబడి బయట పడుంటే, నేనిక్కడ కూర్చుని నువ్వుండలు చుట్టుకోనా?" గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "నువ్వే తీసుకెళ్తావు నన్ను. దాన్ని పదిహేను రోజులు వాళ్లమ్మ వచ్చి చూసుకుంటుంది."

"కడుపుతో ఉన్నదాని మొగుడు..." అంటూ రసజ్ఞ అత్తగారి వైపు చూసింది. ఇందాక వంటింట్లో నవ్విన మనిషి ఇప్పుడు నవ్వలేదు.

"నాకు తెలుసు" అంది రత్నమాల. "నేనే అన్నాను. ఒకసారి ఆ మాట విని ఆగాను. మళ్లీ ఆపలేను. దేవుడికి నేను చెప్పుకుంటాను, వాణ్ణి మాత్రం రానివ్వు."

తేజ భార్య వైపు చూశాడు. ఒప్పేసుకున్నట్టే ఉన్నాడు. కళ్లలో ఆ ఎర్రమట్టి దారి కనబడుతోంది. నాలుగేళ్లుగా ఇద్దరూ కలిసి కోరుకున్నది అందులో ఉంది. "నువ్వేమంటే అదే రసా" అన్నాడు. "నువ్వు వెళ్లమంటే అమ్మను తీసుకుని వెళ్లొస్తాను."

ఈ ఒక్క మాట కోసం ఆమె వారం నుంచి అబద్ధాలు ఆడింది. ఇప్పుడు ఏ అబద్ధమూ లేకుండానే అతను వెళ్తానంటున్నాడు. అత్తగారు కూడా ఒప్పుకుంది. వానలోపు అవ్వ ఇంట్లోకి పోతుంది. వెళ్లు అనడమే మిగిలింది.

రసజ్ఞ అతని చొక్కా అంచు పట్టుకుంది. ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలీదు. నమ్మని మనిషికి కూడా భయం పుడుతుందని, రెండేళ్ల కిందటి ఆసుపత్రి మంచం ఇంకా తన వీపుకు తగులుతూనే ఉందని, ఆ క్షణంలోనే తెలిసింది. అక్కడి ఇల్లు కావాలి. ఇక్కడి మనిషి కావాలి. పట్టు వదిలితే రెండోది కూడా పోతుందేమోననిపించింది.

"వెళ్లొద్దు తేజా" అంది.

రత్నమాల చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. అటునుంచి చిసోమో అడుగుతున్నాడు, పెద్దావిడ ఏమంది, అవ్వకు ఏం చెప్పమంటారు అని.